నాలుగో యాక్సిస్ కొనేముందు నాలుగు లెక్కలు

సీఎన్‌సీ పని వస్తే ఉద్యోగానికి పనికొస్తుంది, నిజమే. కానీ ఖరీదైన రోటరీ యాక్సిస్ కొంటేనే పని వస్తుందనుకోవడం పొరపాటు. చిన్న సీఎన్‌సీ రూటర్ ఉన్న కుర్రాళ్లను ఇప్పుడు ఊరించేది ఇదే. చక్‌లో బిగించిన ముక్క తిరుగుతుంటే కట్టర్ చుట్టూరా చెక్కేస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది. కాకపోతే ఆ డబ్బు ఎక్కడిదో గుర్తుండాలి. మన భావనపాడు తీరంలో చాలా ఇళ్లకు అది గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వలసపోయి తెచ్చిన సొమ్ము. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగాక ఏదో ఒక స్కిల్ పట్టాలన్న తొందర సహజమే. కొనడానికి మాత్రం తొందర వద్దు. ముందు నాలుగు లెక్కలు వేయండి.

మొదటిది పని లెక్క. గుండ్రటి బుష్ కావాలా? లేత్ చాలు. షాఫ్ట్ మీద ఒక కీవే కొట్టాలా? వీ-బ్లాక్‌లో బిగించండి. ఆరు పలకలు తీయాలా? 60 డిగ్రీల చొప్పున తిప్పి ఆపే ఇండెక్సింగ్ హెడ్ సరిపోతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలు కూడా లేత్ మీద తయారయ్యేవే. మంచం కోడు చుట్టూ మెలి తిరిగే తీగ నగిషీలాగా, కోత పడుతుండగానే ముక్క తిరగాల్సిన పనికే రోటరీ అసలు అవసరం.

రెండోది కొలత లెక్క. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. 6:1 బెల్టుతో ఒక్కో అడుగు 0.3 డిగ్రీలు, 100:1 హార్మోనిక్ డ్రైవ్‌తో 0.018 డిగ్రీలు. ఖరీదు ఎక్కువ ఇందుకే, ప్లే తక్కువ ఉండటమూ ఇందుకే. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న ముక్క మీద 0.1 డిగ్రీ ప్లే ఉంటే అంచు దగ్గర దాదాపు 0.09 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కర్ర మీదైతే ఉప్పుకాగితంతో పోతుంది. గేరు పళ్ల మీద పోదు. అయితే మీ రూటర్ ఫ్రేమే అంతకంటే ఎక్కువ వంగుతుంటే ఎంత మంచి రోటరీ పెట్టినా ఫలితం ఉండదు.

మూడోది కంట్రోలర్ లెక్క. ఆర్డుయినో యూనోపై నడిచే మామూలు జీఆర్‌బీఎల్ మూడు యాక్సిస్‌లనే నడుపుతుంది. నాలుగోది కావాలంటే బోర్డు, సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా కలుపుకోవాలి. లేదంటే, కరెంటు తీసేసి వై యాక్సిస్ మోటారు స్థానంలో రోటరీ మోటారును కలిపి, చవక బెల్టు రోటరీతోనే నేర్చుకోవచ్చు.

నాలుగోది రాబడి లెక్క. 'చవకది కొంటే రెండుసార్లు కొన్నట్టే' అంటారు. చేతిలో ఆర్డర్లున్నవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. చుట్టూ నగిషీ ఉన్న పని నెలనెలా వస్తూ, పాత రోటరీ ప్లే వల్ల ముక్కలు పాడవుతుంటే మంచిదే కొనండి. ఆర్డరు లేకుండా, రెజ్యూమేలో ఒక లైన్ కోసం మాత్రం కొనొద్దు.

ఇంటర్వ్యూలో మీ మెషిన్ ధర అక్కరకు రాదు. డ్రాయింగ్ చదవడం, జీరో సెట్ చేయడం, జీ-కోడ్‌లో తప్పు పట్టుకోవడం, మైక్రోమీటర్‌తో కొలవడం అక్కరకొస్తాయి. ఇవన్నీ మూడు యాక్సిస్‌ల మీదే వస్తాయి. కాలేజీ వర్క్‌షాప్‌లోనో, దగ్గర్లోని ఐటీఐలోనో గంటలు అడిగి తీసుకోండి. మీరు చేసిన ఒక ముక్క, దాని డ్రాయింగ్, కొలతల కాగితం పట్టుకెళ్లండి. రోటరీకి దాచిన డబ్బులో కొంత మంచి మైక్రోమీటర్‌కీ డయల్ ఇండికేటర్‌కీ పెట్టండి. ఏ ఉద్యోగంలో చేరినా అవి మీ వెంట వస్తాయి.