రైతుబజారు గేటు కాడ ఒక 15 ఆంప్స్ సాకెట్ కావాలె



పోయిన వీడియోలో జీవామృతం డ్రమ్ముల వెనక నా కరెంటు ట్రాలీ ఆటో కనిపించింది. అప్పటి నుంచి వచ్చే ఫోన్లన్నీ దాని గురించే. "అన్నా, ఒక్క చార్జింగుకు ఎంత దూరం పోతది? ఊళ్లె యాడ పెడుతున్నవ్? కొనమంటవా, వద్దంటవా?" ఒక్కొక్కరికి చెప్పుడు కష్టమైతుందని ఇక్కడ రాస్తున్న. చార్జింగ్ బోర్డు ఎట్ల పెట్టించుకున్ననో కింది వీడియోల ఉంది, చూడండి.

ముందు నాకు తగిలిన దెబ్బ చెప్తా. గంగాధర మండలంలోని మా పొలం నుంచి కరీంనగర్ కశ్మీర్‌గడ్డ రైతుబజారుకు పాతిక కిలోమీటర్లు. అక్కడ కూరగాయలు దించి, ఇంటింటికి గానుగ నూనె, బియ్యం ఇచ్చుకుంట తిరిగితే ఇంకో ఇరవై. మళ్లా ఇంటికి పాతిక. మొత్తం డెబ్బై. కంపెనీ వాళ్లు వంద పైనే వస్తదన్నరు. లోడు మీద నాకు వచ్చేది డెబ్బై అయిదు. పోయిన ఎండాకాలం ఒకరోజు రెండు ఆర్డర్లు ఎక్కువైనయ్. మధ్యాహ్నానికే మీటరు 20 శాతం చూపించింది. ఫోన్ యాప్‌లో దగ్గర్లనే ఒక చార్జింగ్ స్టేషన్ కనిపిస్తే పోయిన. అక్కడున్నది కార్లకు పెట్టే లావు గన్ను. నా బండికి కావాల్సింది ఇంట్లో గీజర్‌కు పెట్టే మూడు పిన్నుల ప్లగ్గు. కరెంటు ఉంది, మిషన్ ఉంది, నాకు మాత్రం పనికిరాదు. ఆఖరికి తెలిసిన మెస్ వాళ్లను బతిమాలి రెండు గంటలు పెట్టుకున్న. మిగిలిన పాలకూర అక్కడనే వాడిపోయింది.

తప్పు నాది కూడా ఉంది. బండి రకం చూసి కొన్న గని, చార్జింగ్ రకం చూడలే.

అందుకే రకాలు తెలుసుకోండి. హైబ్రిడ్ కారుకు పెట్రోల్ ఇంజనే ఆధారం, బ్యాటరీ తోడు మాత్రమే. ప్లగ్ పెట్టే పని లేదు, మన లోడు పనికి రాదు. 25 కిలోమీటర్ల స్పీడు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న చిన్న స్కూటీలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పొలం గట్ల మీదికి, పాల క్యాన్‌కు సరిపోతయ్. ఈ-రిక్షాలు చవక. కాని చాలావాటిల లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటయ్, బరువెక్కువ, తొందరగా దిగుతయ్. లిథియం బ్యాటరీ ట్రాలీ ఆటో అయిదు క్వింటాళ్ల దాకా మోస్తది. దానికంటె పెద్దగ కావాలంటే టాటా ఏస్ ఈవీ లాంటి నాలుగు చక్రాల బండి. దాని బ్యాటరీ 21 యూనిట్లు, కార్లకు వాడే ఫాస్ట్ చార్జింగ్ దానికి పనిచేస్తది.

ఇక్కడనే అసలు కిటుకుంది. రోడ్ల మీద కనిపించే ఫాస్ట్ చార్జర్లు ఎక్కువ శాతం సీసీఎస్-2 రకం. అవి కార్లకు, పెద్ద బండ్లకు. మన 48 వోల్టుల ఆటోకు అవి కలవవు. తేలికపాటి బండ్ల కోసం బీఐఎస్ 2023లో ఉమ్మడి ప్లగ్గుకు ప్రమాణం తెచ్చింది. అయినా ఇప్పటికీ కంపెనీకో తీరు నడుస్తున్నది.

ఖర్చు లెక్క మాత్రం మంచిగుంది. నా బ్యాటరీ నిండాలంటే ఎనిమిదిన్నర యూనిట్లు. యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నా 80 రూపాయలు దాటదు. అదే తిరుగుడుకు డీజిల్ ఆటోల మూడు లీటర్లు పోసేటోన్ని. ఎలక్ట్రిక్ బండ్లకు, సరుకు ఆటోలతో సహా, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండ రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో జీవో ఇచ్చింది.

మనం ఎరువు కోసం షాపుకు పోవద్దనుకుని పొలంలనే జీవామృతం కలుపుకుంటున్నం. చార్జింగ్ కూడా అంతే అనుకోండి, ముందు ఇంటికాడనే. వేరే లైను, 4 ఎంఎం వైరు, ఎంసీబీ, మంచి ఎర్తింగ్ పెట్టించుకోండి. పశువుల కొట్టం పక్కన తడి నేల ఉంటది, ఎర్తింగ్ లేకుంటే ప్రాణం మీదికొస్తది. ఎండల తిరిగి రాంగనే ప్లగ్ పెట్టకండి. బండి చల్లారినంక రాత్రి పెట్టండి, బ్యాటరీ నాలుగు కాలాలు ఉంటది. ఇంకో మాట. బాయికాడి ఉచిత కరెంటుతోని మాత్రం చార్జ్ చేయకండి. అది మోటారుకు ఇచ్చింది, బండికి కాదు. ఇట్లాంటివి చేస్తే రేపు ఉచిత కరెంటు మీద వేలెత్తి చూపేటోళ్లకు మనమే సాకు ఇచ్చినట్టైతది.

అయితే ఇంటి ప్లగ్గు అందరికీ సరిపోదు. ఉట్నూరు దిక్కు నుంచి ఆదిలాబాద్‌కు జొన్నలు, పప్పు తెచ్చే ఒక తమ్ముడు నన్ను అడిగిండు. పోయి రావడానికే వంద కిలోమీటర్లు దాటుతది, మధ్యల ఎత్తుపల్లాలు, చలికాలం బ్యాటరీ ఇంకింత తక్కువ ఇస్తది. "ఇప్పుడే కొనకు తమ్మీ" అన్న. ఆదిలాబాద్ మార్కెట్‌ల రెండు మూడు గంటలు పెట్టుకునే ప్లగ్గు ఉండి ఉంటే, కొనుమనే చెప్పేవాణ్ని. అతను మళ్లా డీజిల్ ట్రాలీకే కిరాయి కడుతున్నడు. లాభంల సగం దానికే పోతుందట.

అందుకే నా అభిప్రాయం ఇది. కరీంనగర్ 2017ల స్మార్ట్ సిటీల లెక్కల చేరింది. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలైనయ్, వాటికి డిపోల చార్జర్లు వచ్చినయ్. సంతోషం. 2030 నాటికి పట్టణాల్లో ప్రతి కిలోమీటరు గడికి ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాలు చెప్తున్నయ్. బాగనే ఉంది. కాని ఆ స్టేషన్ హోటల్ ముంగట కార్ల కోసమే పెడితే మనకేం లాభం? కారాయన చాయ్ తాగేంత సేపు ఆగుతడు. రైతు పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా బండి బజార్లనే నిలబెడతడు. ఆ అయిదు గంటల్ల మామూలు 15 ఆంప్స్ సాకెట్‌తోనే బ్యాటరీ దాదాపు నిండుతది. లక్షల మిషన్ అక్కర్లేదు. నీడకు ఒక రేకుల షెడ్డు, పది సాకెట్లు, ఒక్కోదానికి మీటరు ఉంటే చాలు. వాడుకున్న యూనిట్లకు పైసలు కడతం. ఉత్తగ అడుగుతలేం.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్... ఎక్కడ రైతుబజారుంటే అక్కడ ఎస్టేట్ ఆఫీసర్‌కు, మున్సిపాలిటీకి, ఎన్‌పీడీసీఎల్ ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టండి. ఒక్కరు కాదు, బజారుకు వచ్చే పదిమంది సంతకాలు చేసి ఇయ్యండి. నేను మా దరఖాస్తు కాపీ వీడియోల చూపించిన, ఆపి చూసి రాసుకోండి.

సాకెట్ వచ్చేదాకా నా సలహా ఒక్కటే. మీ రోజు తిరుగుడు ఎంతో వారం రోజులు పుస్తకంల రాసుకోండి. దాని మీద ఇంకో మూడో వంతు కలపండి. అంత దూరం లోడు మీద పోయే బండి దొరికి, రాత్రి పెట్టుకోవడానికి ఇంటికాడ ప్లగ్గు ఉంటేనే కొనండి. లేకుంటే కొన్నాళ్లు ఆగండి. ఆగినా, దరఖాస్తు మీద సంతకం మాత్రం ఆపకండి.