దానియేలు అడిగిన పది దినాలు

ముందుగా దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం, 8 నుండి 16 వచనాలు చదువుకోండి. బైబిలు అలాగే తెరిచి పక్కన పెట్టుకుని ఈ నాలుగు మాటలు చదవండి.

కొన్ని నెలల క్రితం కొల్లేటి లంకలో గృహకూడిక ముగించుకుని వస్తుంటే ఒక సహోదరి మమ్మల్ని గట్టు మీద ఆపింది. భర్తకు మలాశయ క్యాన్సర్ అని తేలింది. నగరంలో పెద్దాసుపత్రి డాక్టర్లు, ఒక కొత్త పద్ధతి మీద పరిశోధన జరుగుతోంది, ఇష్టమైతే చేరవచ్చు అన్నారట. ఆమె కళ్ళనీళ్ళతో అడిగిన మాట ఇది: "అయ్యగారూ, ఎలకల మీద చేసినట్టు మా ఆయన మీద ప్రయోగం చేస్తారా అండీ? ఒప్పుకుంటే దేవుని మీద నమ్మకం లేనట్టేనా అండీ?"

జవాబు చెప్పే ముందు మేము ఒకటి ఒప్పుకోవాలి. ఆ సహోదరుడు అంతకు ఏడు నెలల ముందే, విరేచనంలో రక్తం పడుతోందని మాతో చెప్పాడు. రాత్రంతా చేపల చెరువు కాపలా, నిద్ర లేదు, వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగు తమ్ముడూ అన్నాం. తల మీద చేతులుంచి ప్రార్థన చేశాం. ప్రార్థన చేయడం తప్పు కాదు. "రేపు ఉదయమే డాక్టరుకు చూపించు" అనకపోవడం తప్పు. ఆ తరువాత అతను ఆపరేషన్ లేకుండా మొలలు తగ్గిస్తామన్న గోడమీది రాతను నమ్మి కొన్ని నెలలు పొడి మందులు మింగాడు. అసలు పరీక్ష జరిగే సరికి గడ్డ పెరిగింది.

మలాశయం అంటే పెద్దపేగు చివరి భాగం. అక్కడ పుట్టే గడ్డ మొలల లాగే రక్తం కారుస్తుంది. చాలాసార్లు డాక్టరు వేలితో చూస్తేనే చేతికి తగులుతుంది, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకు సిగ్గుపడి మనవాళ్ళు నెలలు పోగొట్టుకుంటున్నారు. లూకా 8వ అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కూడా వెనుక నుండే వచ్చింది, ఎవరికీ కనబడకూడదని. ప్రభువు ఆమెను ముందుకు పిలిచి, అందరి ఎదుట మాట్లాడనిచ్చాడు. స్వస్థతతో పాటు ఆమె సిగ్గునూ తీసేశాడు. మన సంఘాల్లో ఆ రెండవ పని ఇంకా జరగడం లేదు.

ఇక పరిశోధనల సంగతి. ఈ జబ్బుకు చాలాకాలంగా ఉన్న దారి కష్టమైనది. కరెంటు పెట్టడం, కీమో, ఆపైన ఆపరేషన్. గడ్డ బాగా కిందికి ఉంటే మలద్వారం కూడా తీసేసి, జీవితాంతం పొట్ట మీద సంచి పెట్టాల్సి వస్తుంది. చెరువు పనికి వెళ్ళేవాడికి, పొలంలో వంగి నాట్లు వేసే తల్లికి అది ఎంత బరువో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ బరువు కొందరికైనా తగ్గిందంటే క్లినికల్ ట్రయల్స్ వల్లే. బ్రెజిల్‌లో ఆంజెలితా హబ్ర్ గామా అనే శస్త్రవైద్యురాలు, కరెంటు, కీమోలతో గడ్డ పూర్తిగా కరిగిపోయినవారిని వెంటనే కోయకుండా జాగ్రత్తగా కనిపెట్టి చూడవచ్చని చూపించారు. 2004లో ఆమె ఫలితాలు ప్రచురించినప్పుడు ఒప్పుకోనివారే ఎక్కువ. తరువాత అమెరికాలో 324 మందితో జరిగిన ఒప్రా అనే పరిశోధనలో, ముందే కరెంటు, కీమో పూర్తిగా ఇచ్చి చూస్తే, సుమారు సగం మందికి మలాశయం నిలిచింది. 2023లో వచ్చిన ప్రాస్పెక్ట్ ఫలితాలు మరో మాట చెప్పాయి: కొందరికి ముందు కీమో ఇచ్చి చూస్తే చాలు, ఎక్కువమందికి కరెంటు అవసరమే రాదు, అయినా ఐదేళ్ళ తరువాత ఫలితం తగ్గలేదు.

2022లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వార్త మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. డోస్టార్లిమాబ్ అనే మందు మూడు వారాలకొకసారి, ఆరు నెలలు ఇచ్చారు. మొదటి పన్నెండు మందికీ గడ్డ కనబడకుండా పోయింది. కోత లేదు, కరెంటు లేదు. 2025 నాటికి అలా చికిత్స ముగించిన 49 మందిలోనూ అదే ఫలితం. అయితే జాగ్రత్త! ఆ మందు గడ్డలో ఒక ప్రత్యేకమైన జన్యులోపం ఉన్నవారికే. మలాశయ క్యాన్సర్ వచ్చిన వందమందిలో అలాంటివారు ఐదు నుంచి పదిమంది. ముక్క పరీక్షలోనే అది తెలుస్తుంది. అందుకే "క్యాన్సర్‌కు మందు వచ్చేసింది" అని ఫార్వర్డ్ చేసేముందు, మీ డాక్టరును "మా ముక్కకు ఆ పరీక్ష చేశారా అండీ" అని అడగండి.

ఇప్పుడు దానియేలు దగ్గరికి వద్దాం. రాజు భోజనం తినననుకున్న ఆ యువకుడు గృహాధికారితో పేచీ పెట్టుకోలేదు. పది దినాలు మాకు శాకాహారమూ నీళ్ళూ ఇచ్చి చూడండి, రాజు భోజనం తినేవారి ముఖాలతో మా ముఖాలు పోల్చండి, చూసినదాన్ని బట్టి నిర్ణయించండి అన్నాడు. గడువు ఉంది. పోలిక ఉంది. కళ్ళతో చూసి తేల్చడం ఉంది. క్లినికల్ ట్రయల్‌కు ఉండాల్సినవి ఇవేగా! దానియేలుకు విశ్వాసం లేక పరీక్ష అడిగాడా? విశ్వాసం ఉంది గనుకే భయపడకుండా అడిగాడు. హిజ్కియా రాజుకు దేవుడు ఆయుష్షు పొడిగించినప్పుడు కూడా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. మందు మానేస్తేనే విశ్వాసం అని బోధించేవారిని మేము ఒప్పుకోము. వారి మాట విని మాత్రలు కాలవలో పారేసినవారి సమాధుల దగ్గర మేము ప్రార్థన చేసి వచ్చాము.

మన ఇలాకాలోనే పుట్టిన ఒక మనిషిని తలుచుకోండి. ఆకివీడు దాటితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును, 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. పదహారు మందిలో పదిమందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొద్ది నెలలే. ఆ పిల్లలు బతకలేదు. కానీ పిల్లల రక్తక్యాన్సర్ మందుకు లొంగుతుందని లోకానికి వారి వల్లే తెలిసింది. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికీ సుబ్బారావు గారే పెద్ద. ఈ రోజు మలాశయ క్యాన్సర్‌కు ఎక్కించే కీమోలో ఆ ఫోలిక్ ఆమ్లం కుటుంబానిదే, ఫోలినిక్ ఆమ్లం, ఉంటుంది. మనకు ఎక్కే ప్రతి సీసా వెనుక, మనకంటే ముందు "సరే" అన్న ఎవరో ఉన్నారు.

అయితే "సరే" అనాల్సింది ఎవరు? ఇక్కడ మేము గట్టిగా చెబుతాము. పరీక్ష కావాలని దానియేలే అడిగాడు, అతని కోసం ఇంకెవరూ ఒప్పుకోలేదు. మన పక్కనే ఖమ్మం జిల్లాలో 2009లో పేద ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు, అది పరిశోధనలో భాగం. చాలామంది అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుబట్టింది. ఆ టీకా మంచిదే, నేడు ఎన్నో దేశాలు వేస్తున్నాయి. అడగకుండా చేయడమే పాపం. అందుకే ఆ సహోదరి భయాన్ని మేము వెక్కిరించలేదు. పేదవారి భయానికి చరిత్ర ఉంది.

2019లో మన దేశం కొత్త నియమాలు తెచ్చింది. వాటిని బట్టి ఆ కుటుంబంతో కలిసి ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాశాం. మీరూ రాసుకోండి. ఈ పరిశోధన ప్రభుత్వ రిజిస్టరులో నమోదైందా? ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? అనుమతి పత్రం తెలుగులో ఉందా, ఒక కాపీ మాకిస్తారా? చదువురాని వారికి సాక్షి ఎదుట చదివి వినిపిస్తారా? చేరకపోతే మాకు దొరికే మామూలు వైద్యం ఏది? మధ్యలో మానేస్తే ఆ వైద్యం ఆపరు గదా? పరిశోధన వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట సంతకం పెట్టవద్దు.

ఆ సహోదరుడు ప్రశ్నలన్నీ తానే అడిగాడు. రెండు వారాలు ఆలోచించి సంతకం చేశాడు. ఎవరికి ఏ పద్ధతో కంప్యూటరు చీటీ వేసినట్టు నిర్ణయిస్తుంది, డాక్టరుగారి చేతిలో కూడా ఉండదు. అతనికి పాత పద్ధతే వచ్చింది. భార్య ఏడ్చింది. మేమూ మనసులో నొచ్చుకున్నాం. అతనే మమ్మల్ని ఓదార్చాడు: "పాత వైపు మేం లేకపోతే కొత్తది మంచిదో కాదో ఎలా తెలుస్తుందండీ? నేనూ లెక్కలో ఉన్నాను గదండీ." సామెతలు 16:33 మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. చీటీ గురించిన ఆ వచనం మాకు అర్థమైంది ఆ రోజే.

చికిత్స ఇంకా జరుగుతోంది. ఫలితం ఏమవుతుందో ప్రభువుకు తెలుసు, సాక్ష్యం చెప్పే రోజు ఇంకా రాలేదు. ఈలోపు సంఘంగా మనం చేయగలిగినవి ఉన్నాయి. ఏలూరు గానీ తాడేపల్లిగూడెం గానీ రైలెక్కించి, ఆసుపత్రి వరాండాలో పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి. రైలు ఖర్చుకు, వెళ్ళిన రోజు పోయే కూలికి కానుకలోంచి కొంత తీయాలి. ఇక మేము చేసే మార్పు ఇది: రక్తం పడుతోందని ఎవరు చెప్పినా, ప్రార్థన చేసిన ఆ నోటితోనే డాక్టరు దగ్గరికి పంపుతాం. రాలేనంటే వెంటబెట్టుకుని వెళతాం.

ప్రార్థిద్దాం. తండ్రీ, సిగ్గుతో దాచుకున్నవారికి నోరు తెరిచే ధైర్యం ఇవ్వండి. తమ శరీరాలను రేపటివారి కోసం అప్పగించినవారిని జ్ఞాపకం చేసుకోండి. వైద్యులకు జ్ఞానమూ, పేదవారిని గౌరవించే మనసూ దయచేయండి. ఆలస్యం చేసిన మీ సేవకులను క్షమించండి. యేసు నామంలో, ఆమేన్.