డిగ్రీ పట్టా దాటిన తరువాత: భౌతికశాస్త్ర పరిశోధనలో మన విద్యార్థులు

శాసనాలకు అద్దంకి పేరు మోసింది. 848 నాటి పండరంగని శాసనములోని తరువోజను ప్రస్తావింపక తెలుగు సాహిత్య చరిత్ర ముందుకు సాగదు. శాస్త్రముల మాట వచ్చేసరికి మాత్రము గుండ్లకమ్మ ఒడ్డున మనము మౌనము వహిస్తున్నాము. భౌతికశాస్త్రములో డాక్టరేటు పొందిన ముస్లిం బిడ్డలు, దళిత బిడ్డలు మన ప్రాంతములో ఎందరని ఎవరైనా అడిగితే జవాబు చెప్పుటకు తటపటాయించవలసి వస్తుంది.

తెలుగు పాఠము చెప్పే మాకు భౌతికశాస్త్రముతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. దరఖాస్తులు దిద్దించుకొనుటకు విద్యార్థులు మొదట వచ్చేది భాషాధ్యాపకుల వద్దకే. కనుక ఎవరు ఎంత దూరము పోయి ఎక్కడ ఆగిపోతున్నారో మాకు కొంత స్పష్టముగానే కనబడుతుంది. వారు ఆగిపోయేది పరిశోధనాలయపు గుమ్మము వద్ద కాదు. అంతకు చాలా ముందే, బి.యస్సీ.కి ఎం.యస్సీ.కి నడుమ.

ఈ జారుడుమెట్టు మన ఊరికే పరిమితము కాదు. పేరెన్నికగన్న కళాశాలలలో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పి.జి. స్థాయిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఒక్క మెట్టుకే సంఖ్య సగమైనది.

కారణము తెలివి లేకపోవటము కాదు, డబ్బు లెక్క. ఫీజుల చెల్లింపు పథకము వచ్చిన తరువాత మిర్చి యార్డులో బస్తాలు మోసే తండ్రి కూడ కొడుకును ఇంజనీరు చేయగలనని ధైర్యము తెచ్చుకున్నాడు. అది మంచి పథకమే, ఎన్నో ఇండ్లను నిలబెట్టింది. కాని భౌతికశాస్త్రము మీద మనసున్న పిల్లవాడు కూడ ఆ ప్రవాహములోనే కొట్టుకొనిపోయాడు. మిగిలినవారి సంగతి చూస్తే, ప్రైవేటు కళాశాలలలో పి.జి. చదివేవారికి ఆ చెల్లింపును 2020లో 77వ జీవో ఆపివేసింది. మైనారిటీ పరిశోధకుల కొరకు 2009లో ఆరంభమైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును, ఇతర పథకాలతో కలిసిపోతున్నదనే కారణముతో, 2022-23 నుండి కేంద్రము నిలిపివేసింది. ఫెలోషిప్పు వచ్చినవారికైనా అది నెలనెలా చేతికందుతుందని నమ్మకము లేదు. గుంటూరు యువకుడు రోహిత్ వేముల 2016 జనవరిలో వ్రాసిన చివరి లేఖలో, తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు సొమ్మును తన వారికి అందజేయుమని కోరవలసి వచ్చింది. ఆ వాక్యమును చదివి మరచిపోవుట మా వల్ల కాలేదు.

"ముందు ఉద్యోగము, తరువాత పరిశోధన" అని పెద్దలు అంటారు. పరిశోధక విద్యార్థికి జీతము వంటిదే లభిస్తుందని వారిలో చాలామందికి తెలియదు. సి.యస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. 'జామ్' పరీక్ష వ్రాసిన బి.యస్సీ. విద్యార్థికి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో నేరుగా డాక్టరేటు వరకు సాగే కోర్సు కూడ ఉన్నది. ఆడపిల్లల తండ్రులకు ఈ సంగతి ఎవరైనా ఇంటికి పోయి చెప్పితే, కొన్ని నిశ్చితార్థములైనా రెండేండ్లు వెనుకకు జరుగుతాయని మా ఆశ.

భాష సంగతి వేరు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ జడత్వమంటే ఏమిటో తెలిసి కూడ నోరు విప్పలేని విద్యార్థులను చూస్తున్నాము. మాతృభాష అడ్డమని మేము ఒప్పుకొనము. 1908లో హైదరాబాదులో జన్మించిన రజియుద్దీన్ సిద్దీఖీ ఉర్దూ మాధ్యమపు ఉస్మానియాలో చదివి, కేంబ్రిడ్జికి, అక్కడి నుండి లైప్‌జిగ్ పోయి, హైజన్‌బర్గ్ వద్ద డాక్టరేటు పొందినాడు. భావము మాతృభాషలో స్థిరపడిన పిదప ఇంగ్లీషు పదము నేర్చుకొనుట ఎంతసేపు?

మన రైతు కుటుంబాలు వినదగిన కథ మరియొకటి. యుద్ధ సహాయార్థము పంజాబులో పోగైన నిధి యుద్ధము ముగియుటచే మిగిలిపోగా, దానితో చిన్నకారు రైతుల బిడ్డలకు విదేశీ విద్యార్థి వేతనాలు ఏర్పరచినారు. 1946లో ఝంగ్ పట్టణపు యువకుడు అబ్దుస్ సలాం ఆ వేతనముతోనే కేంబ్రిడ్జి చేరినాడు. 1979లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. ఆయన 1964లో ఇటలీలోని ట్రియస్టేలో స్థాపించిన కేంద్రము, వెనుకబడిన దేశాల విద్యార్థులను డాక్టరేటుకు సిద్ధపరచుటకు 1991 నుండి ఒక సంవత్సరపు డిప్లొమా నడుపుతున్నది. అమెరికాలో నల్లజాతివారి కొరకు వెలసిన ఫిస్క్ విశ్వవిద్యాలయము 2004లో వాండర్‌బిల్ట్‌తో కలిసి ఇటువంటి వంతెననే కట్టింది. ముందు ఎం.ఏ. స్థాయి చదువు, దానితోపాటు వెన్నంటి ఉండే ఒక అధ్యాపకుడు, తరువాత డాక్టరేటు. పరీక్ష మార్కు ఒక్కటే అక్కడ కొలబద్ద కాదు.

మన కమిటీ పెద్దలు వంతెన కట్టనక్కరలేదు, రెండు పలకలు వేస్తే చాలును. ఒకటి, పరీక్ష రుసుములకు, ఫెలోషిప్పు ఆలస్యమైన నెలలకు అప్పుగా ఇచ్చి తిరిగి తీసుకొనే చిన్న నిధి. వార్షికోత్సవపు శాలువాల ఖర్చుతో దీనిని ఆరంభింపవచ్చును. శాలువా కప్పించుకొన్నవారిలో మేమూ ఉన్నాము కనుక ఈ మాట అనే హక్కు మాకున్నది. రెండవది, ఒక సలహా గది. రాష్ట్రపు బి.సి.-ఇ జాబితా వేరు, కేంద్రపు ఓ.బి.సి. జాబితా వేరు. తన పేరు దేనిలో ఉన్నదో చూచుకొనక ధ్రువపత్రము తెచ్చుకొన్న పిల్లవాడు చివరి రోజున తెల్లబోవుట మాకు క్రొత్త కాదు.

'జామ్' పరీక్ష ఫిబ్రవరిలో. మిరప కోతలు, కల్లాలు కూడ అప్పుడే. ఇంటిల్లిపాది చేలో ఉండగా చదువుకొనుటకు చోటు దొరకదు. జనవరి నుండి సాయంకాలములు ఒక గది తెరచి ఉంచవలెనని కమిటీని కోరుతున్నాము. భౌతికశాస్త్ర, గణిత అధ్యాపక మిత్రులు ఆదివారములు కూడ వచ్చుటకు అంగీకరించినారు. తాళము తీయుటకు మేము వస్తాము.