కెప్టెన్ త్రావోరే గారికి బహిరంగ లేఖ

బుర్కీనా ఫాసో అధ్యక్షులు కెప్టెన్ ఇబ్రహీం త్రావోరే గారికి,

2022 సెప్టెంబరు 30న అధికారం చేపట్టిన మీరు, మరుసటి ఏడాది మాజీ అధ్యక్షుడు తొమాస్ సంకరాను జాతీయ వీరుడిగా ప్రకటించారు. ఆయన్ను అభిమానించే ఎంతోమందిలాగే నేనూ సంతోషించాను. ఆ అభిమానంతోనే ఈ నాలుగు మాటలు.

1983 ఆగస్టు 4న గద్దెనెక్కిన సంకరా ప్రజలను కూడగట్టుకుని అసాధ్యాలనిపించిన పనులు చేశారు. 1984లో పక్షం రోజుల్లోనే దాదాపు 20 లక్షల మంది పిల్లలకు టీకాలు వేయించారు. ఊరూరా మొక్కలు నాటించారు. ఆడపిల్లల జననాంగాల కోతను, బలవంతపు పెళ్లిళ్లను నిషేధించారు. జనం ఇష్టపడి కదిలిన చోటల్లా ఆయన తెచ్చిన విప్లవం గెలిచింది.

బెదిరింపుతో నడిపిన చోట ఓడింది. 1984లోనే సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులను ఉద్యోగాల నుంచి తీసేశారు. వాళ్ల స్థానంలో అరకొర శిక్షణతో కొత్తవాళ్లు వచ్చారు. నష్టపోయింది బడి పిల్లలే. విప్లవ రక్షణ కమిటీల చేతికి తుపాకులిచ్చారు. చివరికి 1986లో వాటి ఆగడాలను సంకరాయే బహిరంగంగా తప్పుపట్టాల్సి వచ్చింది. సంఘాలూ సంస్థలూ దూరమైపోయాక, 1987 అక్టోబరు 15న సైనికులు ఆయన్ను కాల్చి చంపినప్పుడు అడ్డుపడగల వ్యవస్థ ఏదీ మిగల్లేదు.

మీరూ ఆయుధాలిచ్చి పోరాడించేందుకు 50,000 మంది వాలంటీర్లను చేర్చుకుంటామని ప్రకటించారు. ఉగ్రవాద మూకలు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయిస్తుంటే ఆయుధం పట్టక తప్పదు. కాదనను. కానీ 2023 నాటి సార్వత్రిక సమీకరణ ఉత్తర్వు కింద, మిమ్మల్ని విమర్శించిన వైద్యులను, పాత్రికేయులను, పౌర సంఘాల వారిని యుద్ధరంగానికి పంపడం ఏ న్యాయం? దేశం కోసం పోరాడటం గౌరవం. దాన్ని శిక్షగా మార్చితే, ఇష్టపడి తుపాకీ పట్టిన పల్లె కుర్రాడి త్యాగానికీ విలువ తగ్గిపోతుంది.

సంకరా హయాంలోనే 1985 డిసెంబరులో పొరుగున ఉన్న మాలితో సరిహద్దు తగాదా యుద్ధానికి దారితీసింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. పొరుగు దేశంతో తగవులో న్యాయానికి తలవంచిన మీ దేశం సొంత పౌరుల విషయంలో ఎందుకు వంచకూడదు?

విమర్శించినందుకు సైన్యంలోకి లాగిన వారిని ఇళ్లకు పంపండి. వాలంటీర్లకు సరైన శిక్షణ ఇచ్చి, తప్పు చేసిన వారిని కోర్టు ముందు నిలబెట్టండి. పత్రికలను రాయనివ్వండి. సంకరా చేసిన మంచిని కొనసాగించడమే కాదు, ఆయన చేసిన తప్పులు మళ్లీ జరగకుండా చూడటం కూడా వారసుడి బాధ్యతే.

ఇట్లు,
సంకరాను గౌరవించే ఒక తెలుగు రచయిత