మనోదౌర్బల్యమా? సంఘదౌర్బల్యమా?

హెచ్‌.ఐ.వి. ఉన్న మనిషి మందు మానేస్తే, అది అతని మనోదౌర్బల్యమేనని కొందరు పెద్దలు తేల్చేస్తున్నారు. 2004 ఏప్రిల్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో ఉచితంగా ఏ.ఆర్.టి. మందులివ్వడం మొదలైంది గదా, ఇంకేం కావాలని వీరి ప్రశ్న.

మనసు పాత్ర లేదనడం లేదు. దిగులు పట్టిన మనిషి రేపటి కోసం మాత్ర మింగడు. కాని ఆ దిగులు ఎక్కడ పుట్టింది? సీసా మీది చీటీ చింపి బియ్యం డబ్బాలో దాచే ఇల్లాలు అత్తగారికి భయపడుతున్నది. ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని యజమానికి భయపడుతున్నది. తెలిసినవాళ్ళ కంటపడకుండా పక్క జిల్లా కేంద్రానికి పోయే కూలీ ప్రతిసారీ ఒకరోజు కూలి పోగొట్టుకుంటున్నాడు. ఏదో ఒక నెల ఆ ప్రయాణం తప్పుతుంది.

మనలోనూ ఒక పొరపాటున్నది. మనస్తత్వం మాటెత్తితే చాలు, బూర్జువా ధోరణి అని కొట్టివేస్తాం. మాత్ర ఉచితమైనా మింగలేని మనిషే ఆ వాదానికి జవాబు.

క్రమంగా మందు వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరి నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది సోకదని శాస్త్రం రుజువు చేసింది. మధ్యమధ్య మానితే వైరస్ మందుకు లొంగకుండా తయారు కావచ్చు. 2017 నాటి చట్టం వివక్షను నిషేధించింది. ఈ మూడు సంగతులూ ఎన్ని తరగతుల్లో చెప్పాం? మన కథల్లో ఆ మనిషి పాపఫలం అనుభవించి చావడమే గాని, మాత్ర వేసుకుని పనిలోకి పోవడం ఎన్నిసార్లు రాశాం?

భయం పెట్టే సంఘంలో మనమూ ఉన్నాం. దాన్ని తీసే పని ముందు మన తరగతి గదిలో, మన కథలో మొదలుపెడదాం.