బండికి కావలి పెట్టాలా?



సువార్త వ్యాను అంటే మన పల్లెల్లో తెలియనివారు ఉండరు. పైన రెండు హారన్లు, లోపల ఆంప్లిఫయరు, చిన్న జనరేటరు, చుట్టిపెట్టిన తెర, ఒక మూల చాపలు, దుప్పట్లు, వంట గిన్నెలు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రాన్ని ఎన్నో పల్లెల్లో జనం చూసింది ఇలాంటి బండి పక్కన కట్టిన తెరమీదే. పాశ్చాత్య దేశాల్లో మోటారు హోము అని మంచం, వంటగది, స్నానాలగది ఉన్న బండ్లు ఉంటాయి. మన సువార్త వ్యాను వాటికి పేద చుట్టం. రాత్రి కూటం ముగిశాక సేవకులు అందులోనే నడుము వాలుస్తారు. స్థలం చాలకపోతే బండిని బడి ముందు నిలిపి ఎవరి అరుగుమీదనో పడుకుంటారు. తెల్లవారాక బండి అక్కడ ఉంటుందా అన్న దిగులు అప్పుడే మొదలవుతుంది.

అందుకే ఈ మధ్య చాలా సంఘాల పెద్దలు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, బండికి ట్రాకరు పెట్టించమంటారా?" ట్రాక్టరు, ఆటో ఉన్న కుటుంబాలవారు కూడా ఇదే అడుగుతున్నారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో తేల్చే విషయం కాదిది. అది ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో, ఎవరి మనసును నొప్పిస్తుందో మూడూ చూడాలి.

ముందు దాని పని తెలుసుకుందాం. ఆకాశంలోని ఉపగ్రహం మన బండిని చూస్తూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జి.పి.ఎస్. ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ వేళ ఎంతయిందో ప్రకటిస్తూ ఉంటాయి, అంతే. బండిలోని చిన్న పెట్టె కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఒక్కొక్కటి ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. అమెరికావారు ఈ సంకేతంలో కావాలని కలిపిన తేడాను 2000 మే నెలలో తీసివేశాక అందరికీ సరైన లెక్క దొరకసాగింది. మన దేశం కూడా 2013 జూలై 1న శ్రీహరికోట నుండి తన సొంత దారిచూపు ఉపగ్రహాలలో మొదటిదాన్ని పంపింది. పెట్టె తానున్న చోటు తెలుసుకున్నంత మాత్రాన మనకు తెలియదు. దానిలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఆ సిమ్ ద్వారా, సెల్ టవరు మీదుగా ఆ వార్త కంపెనీ కంప్యూటరుకు, అక్కడి నుండి మన ఫోనుకు చేరుతుంది.

ఈ గొలుసులో ఏ కడియం తెగినా వార్త రాదు. రేకుల షెడ్డులో నిలిపితే ఉపగ్రహం మాట సరిగా వినబడదు. ఏజెన్సీ కొండల్లో టవరు అందకపోతే చాలా పెట్టెలు తిరిగిన దారిని దాచుకొని, టవరు దొరికాక ఒక్కసారే పంపుతాయి. అప్పటికి దొంగ ఎంతో దూరం పోయి ఉంటాడు. సిమ్‌కు ఏటా కట్టే రుసుము మరచిపోతే పెట్టె బండిలో ఉండీ లేనట్టే. కనుక కొనేముందు మీ ఊళ్ళో, మీరు కూటాలు పెట్టే ఊళ్ళలో ఏ కంపెనీ టవరు బాగా అందుతుందో చూసుకోండి. 4జి మీద పనిచేసే పెట్టేనా అని అడగండి. లోపల సొంత బ్యాటరీ ఉందా, వైరు కోస్తే వెంటనే ఫోనుకు కబురు వస్తుందా అని కూడా అడగండి.

మరొక సంగతి. ఈ పెట్టె బండి ఆగి ఉన్నా బ్యాటరీ నుండి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. వానకాలంలో కూటాలు లేక నెలల తరబడి నిలిపి ఉంచే వ్యానుకు ఇది ఇబ్బందే. వారానికి ఒకసారైనా బండి స్టార్టు చేసే మనిషి ఉండాలి.

దూరం నుండి ఇంజను ఆపివేసే సౌకర్యం ఉందని అమ్మేవారు గొప్పగా చెబుతారు. జాగ్రత్త! పరుగెత్తే బండికి ఇంజను ఆగిపోతే స్టీరింగు బిగుసుకుపోవచ్చు, బ్రేకు సరిగా అందకపోవచ్చు. లోపలున్నవాడు దొంగే కావచ్చు, రోడ్డు మీద నడిచేవాడు దొంగ కాడు కదా. బండి ఆగి ఉన్నప్పుడు తప్ప ఆ బొత్తాం జోలికి పోకూడదు.

ఇక అది చేయలేని పని. ట్రాకరు దొంగను ఆపదు. బండి పోయాక ఎటు పోయిందో చెబుతుంది, అంతే. పైగా మన వ్యాన్లలో పోయేది ఎక్కువగా బండి కాదు. స్టెప్నీ, బ్యాటరీ, డీజిలు, ఆంప్లిఫయరు, మైకులు. బండి కదలకుండానే అవన్నీ పోతాయి. ట్రాకరు మాత్రం "బండి ఉన్నచోటే ఉంది" అని నిబ్బరంగా చెబుతూ ఉంటుంది. అందుచేత మొదటి ఖర్చు తాళాలకు పెట్టండి. గేరు లాకు, స్టీరింగు లాకు, బ్యాటరీకి సీటు కింద ఒక కటాఫ్ స్విచ్చి, స్టెప్నీకి గొలుసు, వెనుక తలుపుకు మంచి తాళం. రెండు తాళంచెవులు ఒకే గుత్తిలో పెట్టకండి. ఆంప్లిఫయరు, జనరేటరుల వెనుక ఉండే నంబర్లను, బండి చాసిస్ నంబరును సంఘపు పుస్తకంలో రాసి పెట్టుకోండి. నిలిపేటప్పుడు వీధి దీపం కింద, పదిమంది పడుకునే చోట నిలపండి. ఇవన్నీ చేశాక ట్రాకరు మాట.

చట్టం మనల్ని బలవంతపెడుతుందా? 2016 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఛార్జీ తీసుకొని ప్రయాణికులను ఎక్కించుకొనే బస్సులు, టాక్సీల వంటి వాహనాలకు ట్రాకరు, ఆపద బొత్తాం ఉండాలి. 2019 జనవరి నుండి రిజిస్టరయిన కొత్త వాహనాలకు అది వర్తించింది. ఆటోలకు ఆ నియమంలోనే మినహాయింపు ఇచ్చారు. సంఘం తన సొంత పనికి వాడుకొనే బండి, ఇంటి పొలం దున్నే ట్రాక్టరు ఆ లెక్కలోకి రావు. కనుక ఇది మన ఇష్టం మీద ఉన్న విషయం.

ఇన్సూరెన్సు సంగతి మాత్రం తప్పక చూడండి. చట్టం తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. దానితో దొంగతనానికి పైసా రాదు. ఆ పాలసీ మాత్రమే ఉన్న సంఘాలు ఎన్నో ఉన్నాయి. దొంగతనానికి కూడా వర్తించే పూర్తి పాలసీ ఉంటే, కాగితంలో రాసిన విలువ చూసుకోండి. అయిదేళ్ళు దాటిన బండికి ఆ విలువ యజమాని, కంపెనీ మాట్లాడుకొని రాసుకొనేదే. మోటారు పాలసీ సాధారణంగా లోపలి మైకుసెట్టుకు వర్తించదు. ట్రాకరు పెడితే ప్రీమియం తగ్గుతుందా అని మీ కంపెనీనే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

బండి పోతే ఆలస్యం చేయకండి. వెంటనే 112కు ఫోను చేసి, స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. రాయించండి. 2024 జూలై 1 నుండి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. మన హద్దు కాదని తిప్పి పంపకూడదు. పంజాబులో ఒక రైతు ట్రాక్టరు 2010లో పోయింది. అతడు ఆ రోజే ఎఫ్.ఐ.ఆర్. రాయించాడు గాని కంపెనీకి చాలా రోజుల తరువాత తెలిపాడు. ఆలస్యమైందని కంపెనీ డబ్బు ఇవ్వనన్నది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, పోలీసులకు వెంటనే చెప్పినప్పుడు కంపెనీకి చెప్పడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే కారణంగా పరిహారం నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. గెలిచాడు గాని పదేళ్ళు పట్టింది. కాబట్టి ఇద్దరికీ అదే రోజు చెప్పడం మేలు. ఫోనులో బండి ఎక్కడుందో కనిపించినా యువకులు కర్రలు పట్టుకొని బయలుదేరవద్దు. ఆ చుక్క కొన్ని మీటర్లు అటూ ఇటూ తప్పవచ్చు. పక్కింటివాడి మీద పడితే ఆ పాపం ఎవరిది? చోటు పోలీసులకు చూపించండి, వారిని వెళ్ళనివ్వండి.

ఇప్పుడు అన్నిటికంటె బరువైన మాట. మా ప్రాంతంలోని ఒక సంఘంలో ఈ విషయమై పెద్దలు కూడుకొని నన్ను కూడా పిలిచారు. ఆ బండిని పాతికేళ్ళుగా ఒక సహోదరుడే తోలుతున్నాడు. కోశాధికారి, "ఇది పిడికెడు బియ్యం అమ్మి, కూలి డబ్బులు కూడబెట్టి కొన్న బండి. పోతే మళ్ళీ కొనలేం" అన్నాడు. అది న్యాయమైన మాట. ఒక యువకుడు, "డ్రైవరుకు చెప్పకుండా పెడదాం, నిజం బయటపడుతుంది" అన్నాడు. అక్కడ అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ మాట ఎట్లా పొక్కిందో గాని, మరునాడు డ్రైవరు భార్య మా ఇంటికి వచ్చింది. "ఇన్నేళ్ళు మా ఆయన ఎక్కడ తిరిగాడో దేవుడు చూశాడు గదా అయ్యగారూ, ఇప్పుడు ఫోను చూడాలా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈ రెండు మాటలకూ లేఖనంలో చోటు ఉంది. యోవాషు రాజు దినాలలో మందిరపు మరమ్మతు చేయించినవారి చేతికి డబ్బు ఇచ్చి, వారు నమ్మకస్థులని లెక్క అడగలేదు. అపొస్తలుడైన పౌలు మాత్రం యెరూషలేముకు చందా పంపేటప్పుడు, ఎవరూ తనపై నింద వేయకుండా, సంఘాలు ఏర్పరచిన సహోదరులను తోడు తీసుకున్నాడు. పౌలుపై నమ్మకం లేక కాదు ఆ తోడు. నమ్మకస్థుడైనవాని పేరు కాపాడటానికి. ట్రాకరు కూడా అట్లా తోడుగా ఉండవచ్చు, లేదా దొంగచాటుగా చూసే కన్ను కావచ్చు. పెట్టె ఒకటే. పెట్టే తీరులో తేడా.

ఆ డ్రైవరునే పిలిచి అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు. "బండి పోతే ముందు స్టేషనుకు తీసుకుపోయేది నన్నే. బండి ఎన్ని గంటలకు కదిలిందో చెప్పే సాక్షి ఉంటే నాకే మంచిది. పెట్టండి. అయితే నాకు తెలియకుండా పెట్టొద్దు. నా ఫోనులో కూడా కనబడాలి."

ఇంకొక సంగతి కూడా అతడే గుర్తుచేశాడు. వ్యాను ఆగిన చోటు ఒక్కొక్కసారి ఒక కుటుంబపు రహస్యం. తాగుడు మానలేని ఇల్లు, కూతురు తిరిగి వచ్చిన ఇల్లు, రోగం బయటికి చెప్పుకోలేని ఇల్లు. రాత్రి పదింటికి వ్యాను వారి వాకిట అరగంట ఆగిందని పదిమంది ఫోన్లలో కనిపిస్తే, ఆ ఇంటివారు మళ్ళీ మనల్ని పిలుస్తారా? మనిషి ఏకాంతం అతని ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఇది పట్నపు మాట అనుకోకండి. పల్లెలో ఏకాంతం మరీ తక్కువ గనుక దాని విలువ ఇంకా ఎక్కువ.

ఆ సంఘం తీర్మానాల పుస్తకంలో ఇట్లా రాసుకున్నది. పెట్టె ఉన్నట్టు బండి ఎక్కే ప్రతివానికీ చెప్పాలి. ఫోనులో చూసే అధికారం డ్రైవరుకు, కోశాధికారికి మాత్రమే. రాత్రి నిలిపిన బండి కదిలితే కబురు వచ్చేలా పెట్టుకోవాలి. పగలు ఎక్కడ ఆగిందని ఎవరూ తరచి చూడకూడదు. పాత దారుల లెక్క నెల దాటితే తుడిచివేయించాలి. కంపెనీ దానికి ఒప్పుకోకపోతే మరొక కంపెనీని చూడాలి. ఏటా రుసుము కట్టే బాధ్యత ఫలానావారిదని పేరుతో సహా రాయాలి.

నా సలహా అడిగితే ఇది. తాళాలు వేసి, పాలసీ సరిచేసి, ఇలాంటి తీర్మానం రాసుకొన్న సంఘం తన బండి మంచి విలువ గలదైతే ట్రాకరు పెట్టించుకోవచ్చు. పెట్టె వెలకు అయిదేళ్ళ రుసుము కలిపి చూడండి. పాతబడి, అమ్మినా పెద్దగా రాని బండికి ఆ డబ్బు తాళాలకు, టైర్లకు పెట్టడమే తెలివి. డ్రైవరుకు చెప్పడానికి మీకు మొగమాటంగా ఉంటే మాత్రం అస్సలు పెట్టించవద్దు. ఆ మొగమాటమే మీకు జవాబు.

ఇళ్ళలోనూ ఇదే కొలత. కొడుకు తోలే ట్రాక్టరుకు తండ్రి, కూతురు నడిపే స్కూటీకి తల్లి ట్రాకరు పెట్టదలిస్తే, అన్నం దగ్గర అందరూ కూర్చున్నప్పుడు చెప్పి పెట్టండి. వారు ఒప్పుకొంటే అది కావలి. వారికి తెలియకుండా పెడితే అది నిఘా, ఏదో ఒక రోజు బయటపడి తీరుతుంది. పోయిన బండిని పోలీసులు వెదికి తేవచ్చు. ఇంట్లో పోయిన నమ్మకాన్ని వెదికి తెచ్చే పెట్టె ఏ దుకాణంలోనూ దొరకదు.

మీ సంఘంలో ఏమి తీర్మానించారో ఒక ఉత్తరం రాయండి. నలుగురికీ ఉపయోగపడుతుంది.

మీ సహోదరుడు,
సంఘకాపరి