కర్రపెండలమునకు పట్టిన తెగులు

పేదవాని పొట్ట నింపు పంటకు తెగులు సోకినచో ఆ నష్టము బజారు ధరలలో కానరాదు; పొయ్యి రాజని యిండ్లలో కానవచ్చును. 1990 ప్రాంతమున యుగాండాలో మొజాయిక్ తెగులు ప్రబలి, కర్రపెండలపు చేలు పాడుపడి, కొన్ని సీమలయందు క్షామము వాటిల్లినది. రెండు వైరసుల సంకరమున పుట్టిన క్రొత్త రకమే యిందులకు కారణమని 1997లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆకు వన్నె తప్పి ముడుచుకొనును. దుంపకు పిండి చేరదు.

తెల్లదోమ యీ తెగులును చేనినుండి చేనికి మోయును. దూరదేశములకు చేర్చునది మాత్రము మనుష్యుని చేయియే. తెగులుపట్టిన కాండపు ముక్కను నాటుట తెగులును నాటుటయే. 2015లో కంబోడియాలో కనబడిన శ్రీలంక మొజాయిక్ వైరసు, 2018 నాటికి వియత్నాము, థాయిలాండులకు ప్రాకినది.

సగ్గుబియ్యపు మిల్లులను నమ్ముకొన్న మన గోదావరి మెట్టరైతులకు ఇది పరాయి కథ కాదు. సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. తిరువనంతపురమునందలి కేంద్ర దుంపపంటల పరిశోధనాసంస్థ తెగులు నోర్చు శ్రీపద్మనాభ వంటి రకములను విడుదల చేసినది. కాని ఆ విద్య చేనికి చేరనిచో నిష్ఫలము. ఆరోగ్యమైన ముక్కలను పెంచి పంచుట ప్రభుత్వ ధర్మము. తెగులుమొక్కలను జంకక పెరికివేయుట రైతు ధర్మము. ఒకని యుపేక్ష ఊరికెల్ల ముప్పని మేము హెచ్చరించుచున్నాము.